ఛాయాపటములలో పురుషుడు

పాతకాలపు ఫొటోగ్రాఫరుల గదులలో నొక వస్తువుండెడిది. బరువైన యినుప పీఠము. దానిపై నిలువుగా నొక కమ్మి. కమ్మి చివర రెండు వేళ్ళవలె వంగిన చిన్న పట్టు. పటము తీయించుకొనవచ్చిన మనుష్యుని నిలువబెట్టి, ఆ పట్టును అతని తల వెనుక చెవులకు దిగువగా నానించి, మఱను బిగించెడివారు. నాటి పలకలపై బొమ్మ పడుటకు చాల సేపు పట్టెడిది. అంతవఱకు తల కదలరాదు. కదలినచో ముఖము మసకబాఱును. అందులకే ఆ కమ్మి. కెమేరా వైపునుండి చూచువారికి అది కానరాదు. పటములో మనుష్యుడు ఱొమ్ము విఱిచి, మెడ నిక్కించి, తనంత తానే నిలిచియున్నట్లు కనబడును. శ్రద్ధగా చూచినచో మాత్రము, కొన్ని పటములలో అతని మడమల వెనుక ఆ పీఠపు పాదములు తొంగిచూచుచుండును.

శ్రోతలారా, ఈ యినుప కమ్మిని కొంచెము సేపు జ్ఞాపకముంచుకొనవలసినదని మిమ్ము కోరుచున్నాను. ఆడువారికిని పిల్లలకును గూడ దీనిని వాడిరి. కాని పురుషుని విషయమున దీనికొక విశేషార్థమున్నది. ఒకరి యూత లేకుండ నిలుచుటయే మగవాని లక్షణమని లోకము చెప్పుచుండెను. ఆ లక్షణమును చూపుటకై తీసిన పటమునకే చాటుగా నొక యూత కావలసివచ్చెను. ఛాయాపటము పుట్టిన నాటినుండియు పురుషుని రూపమెట్లు చూపబడినది, ఆ చాటు యూత ఎప్పుడెప్పుడు బయటపడినది, బయటపడినప్పుడు మనకేమి తెలిసినది, అనునదియే నేటి నా ప్రసంగ విషయము.

ఈ కథ యొక్క మొదటి ఘట్టముననే వాలిన తల యొకటి కనబడుచున్నది. 1839 జనవరి 7 వ తేదీన పారిస్ నగరమున శాస్త్రపరిషత్తు సమావేశమందు అరాగో అను శాస్త్రజ్ఞుడు, దగేర్ అను చిత్రకారుడు వెలుతురు చేతనే బొమ్మను పలకపై నిలుపు విద్యను సాధించెనని ప్రకటించెను. ఆ యేటనే ఫ్రెంచి ప్రభుత్వము ఆ విద్యను లోకమునకు వెల్లడి చేయించి, దగేర్‌నకు సంవత్సరమునకు 6,000 ఫ్రాంకులును, అతని భాగస్వామియై గతించిన నియెప్స్ యొక్క కుమారునకు 4,000 ఫ్రాంకులును భరణమేర్పఱచెను. అదే పారిస్‌లో ఆర్థికశాఖయందు చిన్న యుద్యోగము చేయుచుండిన బయార్ అనునతడు, కాగితముపై నేరుగా బొమ్మను నిలుపు వేఱొక మార్గమును తన యంతట తాను కనుగొనియుండెను. దగేర్ పద్ధతి యింకను బయటికి రాకమునుపే, 1839 జూను నెలలో తన పటములను ప్రదర్శించెను గూడ. అతనికి దక్కినది పరికరములు కొనుక్కొనుటకు 600 ఫ్రాంకులు మాత్రమే.

మఱుసటి యేడు, 1840 లో, బయార్ తన పటమును తానే తీసికొనెను. అందులో నతడు శవము. నడుమువఱకు దిగంబరుడై, క్రింద వస్త్రము కప్పుకొని, కన్నులు మూసి, తల యొక ప్రక్కకు వాల్చి కూర్చుండియున్నాడు. ప్రక్క గోడను పెద్ద గడ్డిటోపీ యొకటి వ్రేలాడుచున్నది. పటము వెనుక, మఱియెవరో వ్రాసినట్లుగా తానే వ్రాసెను: ఇది బయార్ దేహము, ప్రభుత్వము దగేర్‌నకు మితిమీఱి యిచ్చి ఇతనికేమియు చేయజాలమనినది, ఆ నిర్భాగ్యుడు నీట మునిగి ప్రాణము విడిచెను, అని దాని సారాంశము. ముఖమును చేతులును నల్లబడియున్నవి. ఎండకు కమిలిన చర్మము ఆ కాగితముపై నల్లగా పడును గనుక అట్లు కనబడినది. బయార్ మాత్రము దానిని గూడ విడువక, శవము అప్పుడే క్రుళ్ళుటకు మొదలిడినదని చమత్కరించెను.

అతడు నిజముగా మునుగలేదు. 1887 వఱకు జీవించెను. అయినను ఆ పటము పరిహాసము మాత్రమే కాదు. కచేరీలో పనిచేయు గృహస్థుడొకడు, తన జీవితములోని పెద్ద యవకాశము చేజాఱినప్పుడు, బహిరంగముగా నేడ్వలేడు. ఏడ్చినచో పదిమంది నవ్వుదురు. కావున తానే ముందుగా నవ్వెను. ఆ నవ్వు చాటున తన దెబ్బను చూపెను. ఛాయాపటవిద్య యేడాది బిడ్డగా నున్నప్పుడే, ఓడిపోయిన మగవాని మొగము దానిలోనికి వచ్చినదన్నమాట. అయితే ఆ ముఖమునకు గూడ ఊత కావలసివచ్చినది. ఇనుప కమ్మికి బదులు హాస్యము.

ఆ తరువాత కొన్నేండ్లకే పటములు తీయుట పెద్ద వ్యాపారమయ్యెను. 1854 లో పారిస్‌నందు దిస్దెరీ అను ఫొటోగ్రాఫరు ఒకే పలకపై పెక్కు చిన్న పటములను తీయు పద్ధతికి ప్రత్యేకహక్కు పొందెను. చీటివంటి అట్టపై నంటించిన ఆ చిన్న పటములు చవుక. మధ్యతరగతివారికి సయితము అందుబాటులోనికి వచ్చెను. ప్రతి స్టూడియోలోను అవే యలంకారములు: రంగులు పూసిన తెఱ, సగము తెగిన స్తంభము, చెక్కడపు బల్ల, దానిపై లావుపాటి పుస్తకము. మగవాడు వచ్చి, ఒక చేయి పుస్తకముపై నుంచి, రెండవచేతిని కోటు మడతలో దోపి నిలుచును. పుస్తకము చదువరితనమునకు గుఱుతు. స్తంభము స్థిరత్వమునకు గుఱుతు. దుకాణదారుడును, న్యాయవాదియు, సేనానియు ఒకే స్తంభము ప్రక్కను నిలిచిరి. పురుషత్వము అద్దెకు దొరకు సామగ్రియైనది.

ఈ సామగ్రి యొక మనుష్యుని విషయమున నెట్లు పనిచేసినదో, ఎట్లు జాఱిపోయినదో చూడుడు. 1860 ఫిబ్రవరి 27 వ తేదీన అబ్రహాము లింకను ఉపన్యాసమిచ్చుటకై న్యూయార్కునకు వచ్చి, మాథ్యూ బ్రేడీ యొక్క స్టూడియోలో పటము తీయించుకొనెను. లింకను మిక్కిలి పొడగరి, మెడ పొడవు, చెంపల యెముకలు పైకి తేలియుండెను, దుస్తులు వంటికి కుదురుగా నుండెడివి కావు. అతని యాకారమును ఎగతాళి చేయువారనేకులు. బ్రేడీ అతని కాలరును పైకి లాగి మెడను కొంత కప్పెను. చేతిని పుస్తకములపై నుంచెను. వెనుక నొక స్తంభముండెను. ఆ పటపు ప్రతులును, దానిని చూచి చెక్కిన బొమ్మలును ఆ యేటి యెన్నికలలో దేశమంతట వ్యాపించెను. కొయ్యలు కొట్టి పెరిగిన పల్లెవాడు పటములో రాజనీతిజ్ఞుడయ్యెను.

అయిదేండ్లు గడచెను. దేశము రెండుగా చీలి, యుద్ధము జరిగెను. ఆ యుద్ధమున మొత్తముమీద 6 లక్షలకు పైగా సైనికులు మరణించిరి. 1862 లో లింకను యొక్క పదునొకండేండ్ల కుమారుడు జ్వరముచే అధ్యక్షభవనముననే కన్నుమూసెను. 1865 ఫిబ్రవరి 5 వ తేదీన, వాషింగ్టనులో అలెగ్జాండరు గార్డ్నరు అను ఫొటోగ్రాఫరు లింకను పటములు కొన్ని తీసెను. వానిలో నొక పెద్ద గాజుపలక పగిలినది. పగులు అతని తల పైభాగముమీదుగా అడ్డముగా సాగినది. ఆ పలకనుండి ఒక్క ప్రతి మాత్రము తీసి, పలకను పాఱవేసిరి. ఆ ప్రతి వాషింగ్టనులోని జాతీయ రూపచిత్రశాలలో నున్నది. అందులో స్తంభము లేదు, పుస్తకము లేదు. చెంపలు లోనికి పోయినవి. కన్నులు సమీపమున దేనిని చూచుటలేదు. పెదవి చివరను చిఱునవ్వో, అలసటయో తేల్చి చెప్పలేము. ఏప్రిలు 14 వ తేదీ రాత్రి అతనిని తుపాకితో కాల్చిరి, మఱునాడుదయము మరణించెను.

ఆ పగులును చూచి, అది రాబోవు మృత్యువునకు సూచనయని పలువురు పలికిరి. చరిత్ర వ్రాయువాడు అంతదూరము పోరాదు. గాజు పగులుట గాజు స్వభావము. చూడదగినది ఆ గీతకు దిగువనున్న ముఖము. 1860 నాటి పటము ఒక పదవిని కోరు మనుష్యుని చూపుచున్నది. 1865 నాటి పటము ఆ పదవి యా మనుష్యునకు చేసినదానిని చూపుచున్నది. మొదటిదానిలో బ్రేడీ మెడను దాచగలిగెను. రెండవదానిలో దాచుటకు ఎవరికిని ఓపిక లేకపోయినది. కూర్చున్నవానికి అసలే లేదు.

అమెరికానుండి ఇంగ్లండునకు పోవుదము. అచ్చట ఈ పనిని తెలిసి, కోరి చేసినది ఒక స్త్రీ. జూలియా మార్గరెట్ కామెరాన్ 1815 లో మన దేశమున కలకత్తాలో జన్మించెను. ఆమెకు 48 ఏండ్లు వచ్చువఱకు కెమేరా లేదు. 1863 డిసెంబరులో కూతురును అల్లుడును ఆమెకొక కెమేరాను కానుకగా నిచ్చిరి. వైట్ ద్వీపములో తాము కాపురముండు గ్రామమున, కోళ్ళగూటిని గాజుగదిగా మార్చుకొని, ఆమె పని మొదలిడెను. స్టూడియో స్తంభములతో ఆమెకు పని లేదు. పురుషులను కూర్చుండబెట్టి, ముదురు వస్త్రము కప్పి, ఒక ప్రక్కనుండి మాత్రము వెలుతురు పడనిచ్చి, ముఖమును పలక నిండుగా తీసెడిది. నిమిషములకొలది కదలక కూర్చుండలేక తలలు కదలెడివి, పటములు మసకబాఱెడివి. వృత్తిఫొటోగ్రాఫరుల పత్రికలు ఇది చేతగానితనమని యాక్షేపించెను. ఆమె అట్టి పటములను పాఱవేయలేదు, ప్రదర్శనలకు పంపెను.

1867 లో ఆమె థామస్ కార్లైల్ పటము తీసెను. వీరపురుషులను గుఱించి 1840 లో లండనున ఉపన్యాసములిచ్చి, మఱుసటి యేడు వానిని గ్రంథముగా ప్రకటించినవాడు ఈ కార్లైల్. లోకచరిత్రయనగా మహాపురుషుల చరిత్రయేయని అతని సిద్ధాంతము. ఆ సిద్ధాంతకర్త కామెరాన్ కెమేరా యెదుట కూర్చుండునప్పటికి 70 ఏండ్లు దాటినవి. 1866 ఏప్రిలులో, తాను ఊరలేని సమయమున, అతని భార్య జేన్ హఠాత్తుగా మరణించియుండెను. ఆమె పోయిన తరువాత ఆమె దినచర్య పుస్తకమును చదివి, తనతో కాపురము చేయుచు ఆమె యెంత యొంటరియై బాధపడినదో అప్పుడు తెలిసికొని కుమిలిపోయెను. కామెరాన్ తీసిన పటములో ఆ ముఖము సూటిగా మనవైపు చూచుచున్నది. సగము చీకటి. తక్కిన సగము కదలిపోయి, పూర్తిగా చెక్కని రాయివలె నున్నది. అది వీరుని విగ్రహమని కొందఱందురు. అతని యింటి సంగతి యెఱిగినవారికి మాత్రము ఆ పటములో వీరుడు కానరాడు. క్షమాపణ చెప్పుకొనుటకు మనిషి మిగులని ముసలివాడు కనబడును.

అదే 1867 లో ఆమె కెంటు మండలమునకు పోయి, సర్ జాన్ హెర్షెల్ పటమును అతని యింటనే తీసెను. హెర్షెల్ ఖగోళశాస్త్రజ్ఞుడు. పటము వెలుతురునకు చెడిపోకుండ నిలుపు ఉప్పు యొక్క గుణమును 1819 లోనే కనుగొన్నవాడు; 1839 లో ‘ఫొటోగ్రఫీ’ అను పేరును లోకమున వ్యాపింపజేసినవాడు. ఆ విద్యకు నామకరణము చేసిన పెద్దలలో నొకనిని, 75 ఏండ్ల వయస్సున, ఆ విద్య యేమి చూపినది? అతనిని తల కడుగుకొని రమ్మని ఆమె కోరెనని ప్రసిద్ధి. దువ్వెన యెఱుగని తెల్లవెండ్రుకలు లేచియున్నవి. కన్నులు తడియారనట్లున్నవి. ప్రక్కను దూరదర్శిని లేదు, గ్రంథములు లేవు, పతకములు లేవు. ఉన్నది చూపు మాత్రమే.

ఇక మన ప్రాంతమునకు వత్తము. హైదరాబాదు రాజ్యమునకు ఈ విద్యలో మహోన్నత స్థానమును సంపాదించినవాడు లాలా దీనదయాళు. 1844 లో ఉత్తరదేశమున సర్ధనాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ఉద్యోగము చేయుచు కెమేరాను చేతపట్టెను. పిమ్మట సికిందరాబాదున స్టూడియో నెలకొల్పి, ఆఱవ నిజాము మహబూబు ఆలీఖానునకు ఆస్థాన ఫొటోగ్రాఫరయ్యెను. నిజామాతనికి ‘రాజా’ బిరుదమిచ్చెను. 1905 లో గతించెను. అతడు తీసిన గాజుపలకలలో రమారమి 2,900 ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధి జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి. నవాబులు, జాగీర్దారులు, తెల్లదొరలు ఆ పటములలో కొలువుదీఱియున్నారు. ఖడ్గము, తలపాగా, హారములు, పతకములు, వేటలో కొట్టిన పులి. ఇవి వారి యూతలు. వారి హోదా దారపుపోగుతో సహా కనబడును. కత్తి పిడిపై నున్న చేయి స్థిరముగా నున్నదో, వణకుచున్నదో మాత్రము తెలియదు. అట్లు తెలియనీయకుండుటయే ఆస్థాన ఫొటోగ్రాఫరు నేర్పు. ఆ నేర్పున దీనదయాళు తీసిపోయినవాడు కాడు.

ఆ దర్బారు భంగిమ దర్బారులోనే ఆగిపోలేదు. కొంచెము కొంచెముగా పట్టణములలోని స్టూడియోలకును, అచ్చటినుండి మన పల్లెటూరి యిండ్లకును దిగినది. తెలుగునాట పాత యిండ్ల వసారాలలో వ్రేలాడు పటములను తలచుకొనుడు. తాతగారు కుర్చీలో కూర్చుండియుందురు, అరచేతులు మోకాళ్ళపై, మెడలో జరీకండువ, కొందఱికి జేబులో గడియారపు గొలుసు. ప్రక్కను చిన్న బల్లపై పూలకుండి. వెనుక తెఱమీద ఎన్నడును చూడని మేడయో, తోటయో. ముఖమున నవ్వు లేదు. ఆ పటము వారి జీవితమున ఏ రెండు మూడు మాఱులో తీసినది. వారు పోయిన పిదప దానికే దండ వేయుదురు. మనుమలకు తాతగారనగా ఆ ముఖమే. ఆయన కూతురు నత్తవారింటికి పంపి దొడ్డిలో నొంటిగా కూర్చుండి కన్నీరు తుడుచుకొన్న సంగతి గాని, కరవునాడు విత్తనములు చాలక రాత్రులు నిద్రపోని సంగతి గాని, ఆ పటమునందు లేదు. చెప్పువారు పోయినచో అవి యిక నెచ్చటను లేవు. స్టూడియో భంగిమకు కుటుంబములు చెల్లించిన మూల్యమిదియే.

ఇరువదవ శతాబ్దమున ఆ మూల్యము మఱింత హెచ్చినది. జర్మనీ దేశమున కొలోన్ నగరవాసి ఆగస్టు సాండరు అను ఫొటోగ్రాఫరు, 1914 లో, ఒక పల్లె బాటమీద ముగ్గురు యువకుల పటము తీసెను. వారు నృత్యమునకు పోవుచున్నారు. నల్లని సూట్లు, టోపీలు, చేతులలో బెత్తములు. పట్నపు దొరల భంగిమను ఒంటికి తగిలించుకొని వెనుకకు తిరిగి చూచుచున్నారు. ఒకని టోపీ క్రిందనుండి జుట్టు జాఱినది. నోట సిగరెట్టు వ్రేలాడుచున్నది. వయసు పొగరు ముచ్చటగనే యున్నది. కాని పటము క్రింది సంవత్సరమును చదివిన తరువాత చూపు మాఱును. ఆ యేడు జూలై చివరను మహాయుద్ధము మొదలైనది.

ఆ యుద్ధమునకు పోవువారు క్రొత్త దుస్తులు ధరించి స్టూడియోలలో పటములు తీయించుకొని యిండ్లలో నిచ్చి పోయిరి. తిరిగి వచ్చినవారిలో దవడలు, ముక్కులు, కన్నులు కోల్పోయినవారుండిరి. వారి ముఖములను కూడ కెమేరా చూచినది. మొదట వైద్యశాలల యవసరమునకై. 1924 లో ఎర్న్‌స్టు ఫ్రీడ్రిఖ్ అను శాంతివాది బెర్లినునందు ‘యుద్ధముపై యుద్ధము’ అను గ్రంథమును నాలుగు భాషల వివరణలతో ప్రకటించి, అట్టి పటములను లోకము ముందుంచెను. వీధులలో నిలిపిన కంచువిగ్రహములకు అవి ప్రత్యుత్తరములు. అతడు నెలకొల్పిన యుద్ధవ్యతిరేక ప్రదర్శనశాలను 1933 లో నాజీలు ధ్వంసము చేసిరి.

సాండరు తన దేశజనులందఱిని వృత్తులవారీగా, వర్గములవారీగా పటములు తీయ సంకల్పించెను. అందుండి 60 పటములను 1929 లో ‘కాలము యొక్క ముఖము’ అను పేర ప్రచురించెను. అతని మహాసంపుటమున ఇటుకలు మోయు కూలివాడున్నాడు, గిన్నె కలియబెట్టు మిఠాయివాడున్నాడు. పని లేనివాడొకడు వీధి మలుపున, టోపీని రెండు చేతులతో పట్టుకొని, ఎచ్చటికి పోవలయునో తెలియక నిలిచియున్నాడు. యుద్ధమున అంగములు పోయిన సైనికుడు చక్రముల కుర్చీలో మెట్ల క్రింద ఆగియున్నాడు. సాండరు ఎవరిని జాలిగా చూడలేదు, ఎవరిని పొగడలేదు. ఒక్క తీరుగా, సూటిగా, వారి చోట వారిని నిలువనిచ్చెను. జర్మను పురుషుడనగా ఉక్కుదేహము, రాతిముఖము అని నమ్మించుచుండిన ప్రభువులకు ఈ పుస్తకము గిట్టలేదు. 1936 లో దాని ముద్రణపలకలను నాశనము చేసి, మిగిలిన ప్రతులను పట్టుకొనిరి.

సాండరునకు దెబ్బ అంతటితో ఆగలేదు. అతని కుమారుడు ఎరిఖ్ సామ్యవాది. 1934 లో అతనిని బంధించి, పదేండ్ల చెఱ విధించిరి. చెఱసాలలో ఎరిఖ్‌నకు ఫొటోగ్రాఫరు పనియే దొరకెను; తనవియు తోడి ఖైదీలవియు పటములు తీసి రహస్యముగా ఇంటికి పంపెను. శిక్ష ముగియుటకు కొలది కాలముండగా, 1944 లో, వైద్యము లేక చెఱయందే మరణించెను. సాండరు ఆ ఖైదీల పటములను తన మహాసంపుటమున చేర్చెను. కుమారుని మృతముఖముపై పోసి తీసిన అచ్చు యొక్క పటమును గూడ చేర్చెను. దేశజనులందఱను వర్గములుగా నమర్చిన తండ్రి, చివరి వర్గములో తన బిడ్డ ముఖమునుంచెను. దానిక్రింద విలాపవాక్యములు లేవు. ఇతర పటములవలెనే అదియు సూటిగా నున్నది. అంతకన్న మించిన కన్నీటిని నేను ఏ పటములోను చూడలేదు.

కుమారుడు తండ్రిని చూచిన పటములు న్యూయార్కున పుట్టెను. రిచర్డు ఆవెడాన్ వస్త్రశోభల పత్రికలకు అందగత్తెల పటములు తీసి పేరు పొందినవాడు. 1969 మొదలు 1973 వఱకు తన తండ్రి జేకబు యొక్క పటములను వరుసగా తీసెను. తండ్రికి కేన్సరు. వెనుక తెల్లని తెఱ. కుర్చీ లేదు, బల్ల లేదు, పట్టుకొనుటకేమియు లేదు. మొదటి పటములలో సూటు తొడిగిన పెద్దమనిషి. కడపటి పటములలో ఆస్పత్రి చొక్కా, భయము. 1974 లో న్యూయార్కు ఆధునిక కళాశాలలో వానిని ప్రదర్శించిరి. చూచినవారిలో కొందఱు అది కొడుకు చేయదగిన పని కాదనిరి. ఆ యాక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. బయార్ తన బేలతనమును తానే చూపెను. ఫ్రీడ్రిఖ్ గ్రంథమునందలి సైనికులను ఎవరు అడిగిరి? రోగియైన తండ్రి యొప్పుకొన్నను, ఏమి యొప్పుకొనుచున్నాడో పూర్తిగా ఎఱుగునా? బలమును పటము కట్టినప్పుడు కూర్చున్నవానికి లాభము. బేలతనమును పటము కట్టినప్పుడు లాభము తఱచుగా తీసినవానికి. ఈ లెక్క తెలిసికొననిచో మనము క్రొత్త కపటములో పడుదుము. కన్నీరు గూడ ఒక భంగిమ కాగలదు.

మన కాలమున ఈ లెక్కను జాగ్రత్తగా చూచినవారిలో నెదర్లాండ్సు దేశపు రినెకె డైక్‌స్ట్రా యొకతె. 1994 లో ఆమె పోర్చుగలున, ఆయుధము లేక వట్టిచేతులతో ఎద్దునెదిర్చు యువకులను, వారు బరినుండి వెలికి వచ్చిన తక్షణమే పటములు తీసెను. జరీకోట్లు చినిగియున్నవి, మెడలమీద నెత్తురున్నది. గెలిచితిమన్న గర్వముతో ముఖమును సవరించుకొనుటకు ఇంకను సమయము చిక్కలేదు. కన్నులలో నున్నది ఆశ్చర్యము, ప్రాణముతో నున్నామన్న ఆశ్చర్యము. పిమ్మట, 2000 నుండి 2003 వఱకు, ఫ్రెంచి విదేశీయ సేనలో చేరిన యొక కుఱ్ఱవానిని 7 పటములలో వెంబడించెను. మొదటి పటములో వాడు మామూలు దుస్తులలో మెత్తని ముఖముతో నున్నాడు. జుట్టు గొఱిగిరి. రంగులు పూసిరి. దుస్తులు మాఱినవి. పటము వెంట పటముగా దవడ బిగిసినది, చూపు మూసికొన్నది. చివరి పటములో సైనికుడున్నాడు. కుఱ్ఱవాడెచ్చట దాగెనో వెదకవలెను.

శ్రోతలారా, ఆ 7 పటములను వరుసగా చూచినవారికి, నేను మొదట చెప్పిన యినుప కమ్మి నేటికిని ఉన్నదని తెలియగలదు. వేగముగా పనిచేయు పలకలు వచ్చిన పిదప స్టూడియోలు ఆ కమ్మిని తుక్కుక్రింద అమ్మివేసెను. లోకము మాత్రము దానిని మగవాని వెన్నులోనే బిగించినది. అది పుట్టుకతో రాలేదు. ఒకరు నిలువబెట్టి మఱ బిగించినది. అట్టిదనుటకు ఛాయాపటముల చరిత్రయే సాక్ష్యము. ఊత గలిగియుండుట తప్పు కాదు. ఊత లేని మనుష్యుడు లేడు. దానిని దాచుటకై జీవితమంతయు కదలక నిలుచుటలోనే నష్టమున్నది.

మీ యింట తండ్రిగారో, తాతగారో ఉన్నచో, పండుగనాడు కుర్చీలో కూర్చుండబెట్టి తీసిన పటముతో తృప్తి చెందవలదు. వారి యనుమతితో, పనినుండి వచ్చి చెప్పులు విడుచునప్పుడో, మనుమరాలి తల దువ్వుచున్నప్పుడో, కంటియద్దములు వెదకుకొనుచున్నప్పుడో ఒక పటము తీసియుంచుడు. అది కొంచెము మసకబాఱినను చింత లేదు. రేపు దండ వేయుటకు మొదటి పటమే పనికివచ్చును. వారిని జ్ఞాపకము చేసికొనుటకు రెండవది కావలసియుండును.